ఉగాండా పల్లెకు వలంటీరుగా వెళ్తే బోరింగు దగ్గర మొదలుపెట్టండి

ఉగాండా పల్లెలో దిగిన తెలుగువాళ్లకు మొదటిరోజే ఎక్కడో చూసినట్టు అనిపించేది బోరింగు. ఇనుప స్తంభం, పొడవాటి చెయ్యి, తలకాయ పెట్టెలో గొలుసు, కింద సిమెంటు చప్టా, చుట్టూ డబ్బాల వరస. పోలిక ఊరికే రాలేదు. 1970ల్లో షోలాపూర్ పంపును మెరుగుచేసి, యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలో రూపొందించిన ఇండియా మార్క్ టూ పంపే అది. ఉగాండా దాన్ని కొద్దిపాటి మార్పులతో తమ ప్రామాణిక పంపుగా తీసుకుంది. అక్కడ దాని పేరు యూటూ.

వలంటీర్లుగా వెళ్లేవాళ్లలో చాలామంది బడిలో పాఠం చెప్పాలనో, కొత్త బోరు వేయించాలనో అనుకుని బయల్దేరతారు. కొత్త బోరుకు చందాలు తేలిగ్గా వస్తాయి. పక్క ఊళ్లో నాలుగు నెలలుగా ఆగిపోయిన పంపుకు కావలసిన వాషర్ల కోసం మాత్రం ఎవరూ చందా వేయరు. కానీ ఊరి ఆడవాళ్లు, పిల్లలు తెల్లారకముందే లేచి రెండు కిలోమీటర్లు నడిచి చెరువునీళ్లు తెచ్చుకోవడానికి కారణం ఆ వాషర్లే. అందుకని ముందు ఉన్నదాన్ని నడిపించడం నేర్చుకోండి. మెకానికల్ చదువు అక్కర్లేదు. ఓపికగా చూసే కన్ను, రాసి పెట్టుకునే అలవాటు ఉంటే చాలు.

పంపు లోపల ఏముందో ముందు తెలియాలి. చెయ్యి కిందికి నొక్కితే గొలుసు పైకి లాగుతుంది. గొలుసుకు 12 మిల్లీమీటర్ల రాడ్లు తగిలించి ఉంటాయి, ఒక్కొక్కటి మూడు మీటర్లు. వాటి చుట్టూ ఒకటింపావు అంగుళాల పైపులు, అవీ మూడేసి మీటర్లే. అన్నిటికీ అడుగున నీళ్లలో మునిగి సిలిండరు. అందులో పైకీ కిందికీ ఆడే పిస్టను, దానికి కప్పు వాషర్లు. సిలిండరు అడుగున ఫుట్‌వాల్వు. పైపుల్లో నిండిన నీళ్లు మళ్లీ బావిలోకి జారిపోకుండా ఆపేది ఆ ఫుట్‌వాల్వే.

ఏది చెడిందో తెలుసుకోవడానికి పంపు విప్పక్కర్లేదు. రెండు పరీక్షలు చాలు. మొదటిది, పంపు బాగా కొట్టి నీళ్లు పడేలా చేసి, అరగంట ఎవరినీ ముట్టుకోనివ్వకూడదు. తర్వాత కొట్టి చూడండి. ఐదారు దెబ్బల్లోపు నీళ్లు వస్తే లోపల కారడం లేదు. పది, పదిహేను కొట్టినా రాకపోతే ఫుట్‌వాల్వు అన్నా సరిగా మూసుకోవడం లేదు, పైపు జాయింటు అన్నా కారుతోంది. రెండోది, నీళ్లు పడుతుండగా ఒక నిమిషంలో నలభై దెబ్బలు పడేలా చెయ్యి పూర్తిగా ఎత్తి దించుతూ కొట్టి, పడిన నీళ్లు కొలవాలి. పది లీటర్లకు బాగా తగ్గితే కప్పు వాషర్లు అరిగాయని చెప్పొచ్చు. మొదటి పరీక్షలో నెగ్గి రెండోదాంట్లో తప్పితే అనుమానం దాదాపు వాషర్ల మీదే. ఈ రెండు అంకెలూ తేదీతో సహా నోటుబుక్కులో రాయండి. నెలకోసారి చేస్తే పంపు ఆగిపోవడానికి చాలాముందే సంగతి తెలుస్తుంది.

చెయ్యి పక్కలకు ఊగుతుంటే బేరింగులు అరిగాయన్నమాట. కిర్రుమంటే గొలుసుకు గ్రీజు లేదు. ఇవన్నీ పైన తలకాయ పెట్టెలోనే, రెండు పానాలతో అయ్యే పని. మూత విప్పడం, గొలుసు తుడిచి గ్రీజు రాయడం, ఫ్లాంజి బోల్టులు, ఇరుసు నట్టు బిగించడం ఊళ్లో పంపును చూసుకునే కేర్‌టేకరు చేసుకోగలడు. చాలాచోట్ల కేర్‌టేకరు ఆవిడే, ఆయన కాదు. గ్రీజు ఖర్చు లెక్కలోకి రాదు. అయినా రాయకుండా వదిలేస్తే గొలుసు తెగి రాడ్లు ఒక్కసారిగా కిందికి పడతాయి. అప్పుడయ్యే ఖర్చు మాత్రం లెక్కలోకే వస్తుంది.

కింద పని వేరు. మార్క్ టూలో పిస్టను పైపులోంచి పైకి రాదు, సిలిండరు పైపు కంటే లావు. ఒక్క వాషరు మార్చాలన్నా పైపులన్నీ లాగాల్సిందే. ముప్ఫై మీటర్ల లోతులో సిలిండరు ఉంటే పది పైపులు, పది రాడ్లు, వాటిలో నిలిచిన నీళ్లు కలిపి 150 కిలోలు దాటుతాయి. పైపు పట్టే క్లాంపు లేకుండా, పైన నిలబెట్టే మూడుకాళ్ల స్టాండు లేకుండా చేతులతో లాగబోతే జారి బోరులో పడిపోతుంది. తర్వాత దాన్ని తీయడం కన్నా కొత్త బోరు నయమనే పరిస్థితి వస్తుంది. కాబట్టి ఆ పని సబ్‌కౌంటీ (కొన్ని ఊళ్లు కలిసిన పాలనా విభాగం) పరిధిలో ఉండే హ్యాండ్‌పంపు మెకానిక్కుదే. జిల్లాల్లో వాళ్లకు సంఘాలున్నాయి, జిల్లా నీటి ఆఫీసులో అడిగితే చెబుతారు. మీరు పైపులు నేలమీద పెట్టకుండా దుంగలమీద వరసగా పేర్చడం, ఒక్కో పైపు చివరి మరలను వైరు బ్రష్షుతో తోమడం, ఏ పైపు ఎంత తుప్పు పట్టిందో రాయడం చూసుకోండి. బిగించాక బోరులో క్లోరిన్ వేసి, వాసన తగిలేదాకా కొట్టి, రాత్రంతా వదిలి, పొద్దున ఆ వాసన పోయేదాకా నీళ్లు పారబోయాలి. ఈ చివరిపని తరచూ ఎగ్గొడతారు. నీళ్ల కోసం క్యూ ఆగదు కదా. ఆ ఒక్కరోజు జనాన్ని ఆపే బాధ్యత ఊరి నీటి కమిటీ తీసుకోవాలి.

ఇక ఎర్రనీళ్ల సంగతి. ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే బాగానే పనిచేస్తున్న బోరింగును జనం వదిలేసి చెరువుకు వెళ్తున్నారంటే సాధారణంగా కారణం ఇదే. ఉగాండాలో చాలాచోట్ల భూగర్భజలం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. పీహెచ్ ఆరున్నరకు తగ్గితే జిఐ పైపు మీది జింకుపూత నిలవదు, తర్వాత ఇనుము కరుగుతుంది. పొద్దున మొదటి డబ్బా ఎర్రగా వస్తుంది, తెల్లబట్టలు పచ్చబడతాయి, టీ నల్లగా మారుతుంది, వంటకు ఇనుప రుచి వస్తుంది. "నీళ్లు బాలేదు" అని ఊరివాళ్లు అంటే అది అవగాహన లేకపోవడమని కొట్టిపారేయకండి, వాళ్లు చెప్పేది నిజం. ఇనుము నేలలోనిదా, పైపులదా అన్నది తేల్చడం తేలికే. రాత్రంతా ఆగిన పంపు నుంచి తెల్లవారుజామున మొదటి నీళ్లు ఒక తెల్లసీసాలో పట్టండి. ఆగకుండా గంటపాటు కొట్టాక ఇంకో సీసా పట్టండి. రెండోది తేటగా ఉంటే తప్పు పైపులది, రెండూ ఒకేలా ఎర్రగా ఉంటే నేలది. పైపులదైతే మళ్లీ జిఐ వేయించడం డబ్బు దండగ. స్టెయిన్‌లెస్ స్టీలుకో పీవీసీకో మారాలి. పీవీసీ పైపులతో, పైపులోంచే పిస్టను పైకి తీసే వీలుతో ఉన్న యూ త్రీ ఎం అనే రకం అక్కడ ఉంది. వాషరు మార్చడానికి పైపులన్నీ లాగే బాధ తప్పుతుంది.

చప్టా కూడా చూడండి. పగిలిన చప్టా నుంచి మురుగునీరు బోరు పక్కనుంచే దిగుతుంది. పారే కాలువ నిండిపోయి ఇంకుడు గుంత పూడిపోతే పంపు చుట్టూ బురద, ఆ బురదలోకి పశువులు. ముళ్లకంచె వేస్తే సగం బాధ తీరుతుంది.

పంపు ఆగిపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇనుములో ఉండదు, డబ్బులో ఉంటుంది. ప్రతి నీటి వనరుకూ వాడకందార్ల కమిటీ ఉండాలన్నది అక్కడి పద్ధతి, అందులో ఆడవాళ్లు ముఖ్యమైన పదవుల్లో ఉండాలి. కాగితం మీద ఉంటుంది కూడా. నెలనెలా ఇంటికింత అని వసూలు చేయాల్సింది పోయి, పంపు చెడినప్పుడే వసూలుకు దిగితే వారాలు పడుతుంది. ఈలోగా దూరంగా ఉన్న ఇళ్లవాళ్లు "మేమెప్పుడూ చెరువుకే వెళ్తాంగా" అని తప్పుకుంటారు. చేతిలో డబ్బున్న కోశాధికారికి ఎరువు కొనాల్సిన సీజను వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీనికి బయటివాళ్లు డబ్బు పెట్టడం మందు కాదు. మీరు ఒకసారి ఇస్తే రెండోసారి వసూలు అసలు జరగదు. పంట అమ్మే నెలల్లో ఒకేసారి కట్టించుకోవడం, లెక్క గోడమీద రాయడం, మొబైల్ మనీ ఖాతాను ఇద్దరు ముగ్గురి కళ్లముందే తెరిచి చూడటం వంటి ఏర్పాట్లు అడిగితే చేస్తారు. అడగాల్సింది మీరు కాదు, కమిటీ చైర్మనో ఎల్‌సీ వన్ చైర్మనో.

ఎల్‌సీ వన్ అంటే ఊరిస్థాయి స్థానిక కౌన్సిలు. ఊళ్లో అడుగుపెట్టిన రోజే దాని చైర్మన్ ఇంటికెళ్లి, సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి, ఎవరి ఇంట్లో ఉంటారో, ఎన్నాళ్లో, ఏం చేస్తారో చెప్పాలి. సంస్థ నుంచి ఉత్తరం చేతిలో ఉంటే మంచిది. దాని కాపీ సబ్‌కౌంటీ ఆఫీసులో ఇవ్వాలి. ఈ మెట్టు దాటేస్తే ఊరంతా మర్యాదగానే మాట్లాడుతుంది, పని మాత్రం కదలదు.

కాగితాలు ఇంటిదగ్గరే చక్కబెట్టుకోవాలి. టూరిస్టు వీసామీద పనిచేయకూడదు, జీతం లేని పనైనా సరే. మిమ్మల్ని పిలిచే సంస్థే స్పెషల్ పాసో, పర్మిటో తీయించాలి. ఆ సంగతి దాటవేసే సంస్థను వదిలేయండి. సంస్థకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్, ఆ జిల్లాలో పనిచేసే అనుమతి ఉన్నాయా అని అడగండి. పచ్చజ్వరం టీకా తప్పనిసరి. వేయించుకున్న పదిరోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ కార్డు తిరిగొచ్చేటప్పుడు ఇంకా ముఖ్యం. అది లేకుండా ఉగాండా నుంచి మన విమానాశ్రయంలో దిగితే ఆరురోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. డాలర్లు తీసుకెళ్తే కొత్త, మడత పడని వంద నోట్లు. పాతవి తీసుకోరు, చిన్న నోట్లకు రేటు తగ్గిస్తారు.

మలేరియాను తేలిగ్గా తీసుకోకండి. మన దగ్గర వైవాక్స్ రకం కూడా ఉంటుంది. ఉగాండాలో దాదాపు అంతా ఫాల్సిపారం, ఒకటి రెండు రోజుల్లో ప్రాణంమీదకు తెస్తుంది. ముందుజాగ్రత్త మందు డాక్టరుతో మాట్లాడి ఎంచుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే రోజూ 100 మిల్లీగ్రాములు, వెళ్లే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక నాలుగు వారాలు. గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, లేకుంటే గొంతులో పుండు పడుతుంది. ఎండకు చర్మం కూడా కమిలిపోతుంది. అటోవాక్వోన్ ప్రొగ్వానిల్ అయితే తిరిగొచ్చాక వారం చాలు, ఖరీదు ఎక్కువ. ఏది వాడినా దోమతెర తప్పదు, అంచులు పరుపు కిందికి దోపాలి. జ్వరం వస్తే అదేరోజు రక్తపరీక్ష. ఊళ్లో విలేజ్ హెల్త్ టీమ్ అనే ఆరోగ్య వలంటీర్లుంటారు, చిన్నపిల్లల మలేరియాకు కిట్టుతో పరీక్షచేసి మందిచ్చేది వాళ్లే. పెద్దవాళ్లకు దగ్గరి హెల్త్ సెంటర్ త్రీ, అంటే సబ్‌కౌంటీ స్థాయి ఆరోగ్య కేంద్రం. ఊరికి చేరిన వారంలోనే దానికి దారి, అద్దె బైకు నడిపే బోడావాడి నంబరు తెలుసుకోండి. తిరిగొచ్చాక కొన్ని నెలలపాటు ఏ జ్వరం వచ్చినా ఉగాండా వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటిమాటగా చెప్పండి.

చెప్పుల్లేకుండా నడవొద్దు, కాలివేళ్ల మధ్య జిగ్గరు పురుగు దూరుతుంది. బయట ఆరేసిన బట్టలమీద, లోదుస్తులమీద మరీ, ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది. ఒంటికి తగిలాక వాటిలోంచి వచ్చిన పురుగులు చర్మంలోకి దిగి కురుపులవుతాయి. అందుకే అక్కడ అన్ని బట్టలూ, తువ్వాలుతో సహా, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేస్తారు. విక్టోరియా సరస్సులో అంచున, గడ్డి పెరిగినచోట దిగితే బిల్‌హార్జియా అనే పురుగుల జబ్బు అంటుకుంటుంది.

నీళ్ల డబ్బా గురించి కాస్త ఆగి చెప్పాలి. వంటనూనె వచ్చే పసుపు జెర్రీక్యాన్, ఇరవై లీటర్లు. నిండితే ఇరవై కిలోలు. అరటినారతో చుట్టిన చుట్టకుదురు తలమీద పెట్టి దానిమీద ఎత్తుకుంటారు, మూతికి పచ్చి అరటిపండో ఆకుల ముద్దో బిరడాగా కుక్కి. బోరింగు నీళ్లు శుభ్రంగానే పడతాయి, పాడయ్యేది ఈ డబ్బాలో. లోపలికి చెయ్యి దూరదు కాబట్టి గోడలకు పాచి పేరుకుంటుంది. గుప్పెడు గులకరాళ్లు, కాస్త సబ్బునీళ్లు పోసి గట్టిగా ఊపి కడగడం ఊరివాళ్లకు తెలిసిన పద్ధతే, వారానికోసారి జరిగేలా చూస్తే చాలు. తాగేవాటిని మరిగించడం అందరికీ తెలిసినా బొగ్గు ఖర్చు. 67 మిల్లీగ్రాముల క్లోరిన్ బిళ్ల ఒకటి ఇరవై లీటర్ల తేటనీళ్లకు సరిపోతుంది, అరగంట ఆగి తాగాలి. స్నానానికి మీ వంతు అరబకెట్టు. ఆ ఇంట్లో నీళ్లు మోసేది ఎవరో చూసి, మీ డబ్బా మీరే మోసుకోండి.

రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. పొద్దున పొలం, ఎండెక్కాక ఇల్లు. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రిది తొమ్మిది దాటాకే. గంటల లెక్క వేరు. తెల్లవారడంతో మొదలుపెట్టి లెక్కిస్తారు కాబట్టి స్థానిక భాషలో "రెండు గంటలకు మీటింగు" అంటే మన ఎనిమిది. ఇంగ్లిష్‌లో చెబితే మామూలు లెక్కే. అందుకని ప్రతిసారీ పొద్దున్నా, మధ్యాహ్నమా అని అడిగి తేల్చుకోండి. చాలాచోట్ల వానలు రెండు కాలాలు, మార్చి నుంచి మే, సెప్టెంబరు నుంచి నవంబరు. ఆ నెలల్లో మీటింగులు పెట్టకండి, అందరూ నాట్లలో ఉంటారు. పైగా మొరం రోడ్డు బురదై బండి కదలదు.

బండి అంటే బోడాబోడా, ఎక్కువగా మన బజాజ్ బాక్సరే. హెల్మెట్ మీరే పట్టుకెళ్లండి, రాత్రిపూట ఎక్కకండి.

పలకరింపు లేకుండా ఏ పనీ అడగకూడదు. రాత్రి ఎలా గడిచింది, ఇంట్లో ఎలా ఉన్నారు, పొలం ఎలా ఉంది, అన్నీ అయ్యాకే అసలు విషయం. మగవాళ్లను సెబో అని, ఆడవాళ్లను న్యాబో అని పిలుస్తారు. దేశం మధ్యలోని బుగాండా ప్రాంతంలో ఆడవాళ్లు మోకాళ్లమీద కూర్చుని పలకరిస్తే ఇబ్బంది పడి లేపబోకండి, అది వాళ్ల మర్యాద. మనవాళ్లను ముయిండి అంటారు, భారతీయుడని. కొట్టు ఎక్కడ అని అడుగుతారు. పట్నాల్లో దుకాణాలు చాలాకాలం మనదేశపు వాళ్లవే. 1972లో ఇదీ అమీన్ ఆసియావాళ్లను తొంభై రోజుల్లో వెళ్లిపొమ్మన్నాడు, 1990ల్లో కొందరు తిరిగొచ్చారు. ఆ చరిత్ర మీద ఊళ్లో రకరకాల అభిప్రాయాలుంటాయి. వాదించకుండా వినండి.

తిండికి ఇబ్బంది లేదు, శాకాహారులకు కూడా. ఆకుల్లో చుట్టి ఆవిరిమీద ఉడికించిన పచ్చి అరటి మటోకే, దానిమీద వేరుశెనగ ముద్దతో చేసిన పులుసు. మొక్కజొన్నపిండి సంకటిలాంటి పోషో, బీన్స్, చిలగడదుంప, కర్రపెండలం. డోడో అని అమ్మే ఆకు మన తోటకూరే. ఫెనే మన పనస. ఉత్తరాన అచోలీ వాళ్లు వండే లపెనా మన కందులే. కారం, పులుపు తక్కువ. చింతపండు, పోపుసామాను, పచ్చడి తీసుకెళ్లండి. అయిపోతే కంపాలాలో భారతీయ దుకాణాలున్నాయి. శాకాహారినని మొదటిరోజే చెప్పాలి. మీ కోసం కోడిని కోశాక చెబితే ఆ ఇంటివాళ్లు నొచ్చుకుంటారు.

డబ్బు ఎంటీఎన్, ఎయిర్‌టెల్ మొబైల్ మనీలో పెట్టుకోవాలి. సిమ్ పాస్‌పోర్టుమీద ఇస్తారు. తీసుకునేటప్పుడు ఏజెంటు చార్జీకి తోడు ప్రభుత్వ పన్ను పడుతుంది కాబట్టి కొట్టువాడికి నేరుగా పంపడమే లాభం. ఫోను చార్జింగు ట్రేడింగ్ సెంటర్లో, అంటే దుకాణాల కూడలిలో, సోలారుమీద.

బడి విషయం క్లుప్తంగా. 1997 నుంచి ప్రాథమిక విద్య ఉచితం కావడంతో తరగతులు కిక్కిరిసి ఉంటాయి. మొదటి మూడు తరగతులు స్థానిక భాషలో చెబుతారు, అక్కడ మీరు చేయగలిగింది తక్కువ. టీచరును పక్కకు నెట్టి పాఠం చెప్పొద్దు. మరుగుదొడ్డి పక్కన కాలితో తొక్కే చేతుల కడుగుడు ఏర్పాటు చేయండి. రెండు పంగల కర్రలు, అడ్డకర్రకు వేలాడే ఐదు లీటర్ల డబ్బా, కాల్చిన మేకుతో మూతకి జానెడు లోపు కింద ఒక చిల్లు, మూత దగ్గర కట్టిన తాడు చివర నేలమీద తొక్కుడు కర్ర. సబ్బు పైన డబ్బారేకు గొడుగులా కట్టకపోతే వానకు కరిగిపోతుంది. నింపే వంతు ఏ తరగతిదో గోడమీద రాయించకపోతే మూడోవారానికి ఎండిపోతుంది. అనాథాశ్రమాల్లో వలంటీరు పనికి వెళ్లకండి. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు, మీరు చెల్లించే డబ్బే వాళ్లను ఇంటినుంచి దూరంగా ఉంచుతుంది.

వెళ్లిపోయేముందు నెలలో పంపు పరీక్షలు మీరు చేయకండి. కేర్‌టేకరే గడియారం పట్టుకుని, డబ్బా కొలిచి, తన భాషలో నోటుబుక్కులో రాయాలి. మీరు దూరంగా నిలబడి, అడిగితేనే చెప్పాలి. బుక్కు ఒకటి కమిటీ దగ్గర, కాపీ ఎల్‌సీ వన్ దగ్గర ఉంచండి. మెకానిక్కు ఫోన్ నంబరు, పైపులు ఎన్ని, ఏ రకం, సిలిండరు ఎంత లోతు అన్నవి తలకాయ పెట్టె మూత లోపలివైపు ఆయిల్ పెయింటుతో రాయించండి. బయట రాస్తే ఎండకు రెండేళ్లలో వెలిసిపోతుంది. కప్పు వాషర్లు, ఒక చైను బోల్టు, గ్రీజు డబ్బా కమిటీ డబ్బుతోనే కొనిపించి, కేర్‌టేకరు ఇంట్లో తాళం కింద పెట్టించండి. వాషర్లు తోలువైతే ఎలుకలు కొరుకుతాయి, రేకు డబ్బాలోనే పెట్టాలి.